నర్సులు డ్యూటీలో గాజులు, ఉంగరాలు, గోరింటాకు పెట్టుకోవచ్చా?

గోరింటాకుతో ఇబ్బంది లేదు. ఆకు కడిగేశాక మిగిలేది చర్మానికి పట్టిన రంగే. చిక్కంతా ఉంగరాలతో, గాజులతోనే. చేతులు ఎంత రుద్దినా ఉంగరం కింద చర్మం సరిగా శుభ్రపడదు, సూక్ష్మజీవులు అక్కడే తిష్ఠ వేస్తాయి. గాజులుంటే మణికట్టు దాకా సబ్బు పట్టించలేం, కట్టు మార్చేటప్పుడు అవి పుండుకు తగులుతాయి కూడా. అందుకే ఇంగ్లండ్‌లో 2007లో, రోగిని తాకే సిబ్బందికి సాదా పెళ్లి ఉంగరం తప్ప మోచేతి కింద ఏమీ ఉండకూడదన్న నియమం తెచ్చారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 మార్గదర్శకాలు కృత్రిమ గోళ్లు వద్దన్నాయి.

మంగళసూత్రం యూనిఫాం లోపల ఉంచుకుంటే చాలు.

కొత్తగా పెళ్లయిన అమ్మాయిని గాజులు తీయమంటే మనసు చివుక్కుమంటుంది. వార్డులో అందరి ముందూ గద్దించకుండా, ఇన్‌ఛార్జి సిస్టర్ పక్కకు పిలిచి కారణం చెప్పాలి.