ఉగాండా సంగతి సరే, అన్నయ్య సంగతేంటి?

పాలకొల్లు దగ్గర పల్లె నుంచి ఒక సోదరి రాశారు: "నాకు 33 ఏళ్లు, పెళ్లి కాలేదు. జీఎన్ఎం నర్సింగ్ చదివాను. పక్షవాతంతో మంచాన పడ్డ నాన్నకి, పోయేదాకా నాలుగేళ్లు నేనే చేశాను. కువైట్‌లో రెండేళ్లు ఒక ముసలావిడకి హోమ్ నర్సుగా ఉన్నాను. ఇప్పుడు భీమవరంలో ఐసీయూలో చేస్తున్నాను. ఉగాండాలో ఒక మిషన్ ఆసుపత్రికి సేవకి వెళ్లాలని పిలుపు ఉంది. నా అనుభవం సరిపోతుందా, మూడేళ్లు బైబిలు ట్రైనింగ్ చెయ్యాలా? ఇంటివాళ్లని చూడనివాడు అవిశ్వాసి కన్నా చెడ్డవాడని తిమోతి పత్రికలో ఉందని అన్నయ్య అంటున్నాడు. ఐదేళ్లుగా వాడి రొయ్యల చెరువు అప్పుకి నెలకి 15,000 కడుతున్నాను. అమ్మకింకా చెప్పలేదు."

అమ్మా, మీరడిగినదానికి జవాబు చిన్నది. సరిపోతుంది. మూడేళ్ల ట్రైనింగ్ అక్కర్లేదు. ఆసుపత్రికి కావలసింది నర్సు. ప్రసంగం చెయ్యడానికి వేరేవాళ్లు ఉంటారు.

దరఖాస్తులో సాక్ష్యం రాయమంటారు. అందులో "దేవుడు నన్ను నడిపించాడు" అని నాలుగు పేజీలు నింపకండి. నాన్నగారిని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి, నాలుగేళ్లూ వీపున పుండు పడకుండా కాపాడి ఉంటే అది రాయండి. గాలి పరుపుల్లేని వార్డులో ఆ చెయ్యే కావాలి. కువైట్‌లో అరబ్బీ ఒక్క ముక్క రాకుండా దిగి, పరాయి ఇంటి కట్టుబాట్లలో, సెలవు లేకుండా, పండగ రోజు కూడా ఒంటరిగా ఎలా గడిపారో రాయండి. సేవకి వెళ్లి కొందరు మధ్యలో తిరిగొచ్చేది బైబిలు రాక కాదు, ఆ ఒంటరితనం పడలేకే. 1903లో నెల్లూరు నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కి మిషనరీగా వెళ్లిన జాన్ రంగయ్యగారికి అక్కడి తోటల్లో ఎదురైంది మన తెలుగు కూలీలే. మీకు ఆ వెసులుబాటు లేదు. ఆసుపత్రి ఏ ప్రాంతంలో ఉందో కనుక్కుని అక్కడి భాష ఇప్పట్నుంచే మొదలెట్టండి. నొప్పి ఎక్కడ, ఎన్ని రోజుల్నుంచి, నీళ్లు తాగావా అని అడగ్గలిగితే మొదటి నెల గట్టెక్కుతారు.

మిమ్మల్ని మోసం చేసేది ఐసీయూ. మానిటర్ చూసి పని చెయ్యడం అలవాటైన చేతికి కరెంటు పోతే ఏం తోచదు. ఉగాండాలో ఎక్కువగా కనబడేది మలేరియాతో ఫిట్సొచ్చిన పసిపిల్లలు, రక్తం తగ్గిపోయిన పిల్లలు, కాన్పులు. అందుకని వెళ్లేముందు మూడు నెలలు లేబర్ రూములో, పిల్లల వార్డులో డ్యూటీ వేయించుకోండి. పుట్టీ పుట్టగానే ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోనే బ్యాగూ మాస్కుతో ఊపిరి అందించడం చేతికి రావాలి.

కాగితాలు: మన రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్ నుంచి మీ మీద ఫిర్యాదుల్లేవని చెప్పే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్, అక్కడి కౌన్సిల్లో రిజిస్ట్రేషన్, వర్క్ పర్మిట్. ఎవరేం చెప్పినా టూరిస్టు వీసా మీద వెళ్లి రోగిని ముట్టుకోవద్దు. ఎల్లో ఫీవర్ టీకా కనీసం 10 రోజుల ముందు వేయించుకుని, టీకా వేసినట్టు ఇచ్చే పసుపు కార్డు పాస్‌పోర్టుతోనే ఉంచుకోండి. మీ సంఘం నెలకి ఎంత పంపుతుంది, తిరుగు టిక్కెట్టు, జబ్బు చేస్తే ఖర్చు ఎవరిది, ఇవన్నీ కాగితం మీద పెట్టించండి. మందిరంలో చేతులెత్తినవాళ్లందరూ కానుక పంపరు.

ఇక అసలు సంగతి. మీ ఉత్తరంలో అన్నయ్యే ఉన్నాడు. అమ్మ చివర్లో ఒక్క ముక్కలో వచ్చి పోయింది. నెలకి 15,000, ఐదేళ్లు, మొత్తం తొమ్మిది లక్షలు. వైట్‌స్పాట్ తెగులు వస్తే రొయ్యకి మందు లేదని డెల్టాలో చిన్నపిల్లాడికీ తెలుసు. తెలిసి తెలిసి పంట వెనక పంట వేస్తున్నది ఆయన, కడుతున్నది మీరు. ఆయన చెప్పిన వచనం తిమోతి మొదటి పత్రిక ఐదో అధ్యాయం ఎనిమిదోది. దానికి నాలుగు వచనాల ముందు, విధవరాలికి పిల్లలుంటే ముందు వాళ్లే చూసుకోవాలని ఉంది. మీ అమ్మగారు విధవరాలు, ఆయన ఆమె కొడుకు. ఆ అధ్యాయం ఆయన మీదే ఎక్కువ బరువు పెడుతోంది. అందులో రొయ్యల చెరువు ఊసు లేదు.

ఇది తేల్చుకోకుండా విమానం ఎక్కితే అన్నయ్య కూడా మీతో ఉగాండా వస్తాడు. అక్కడ మేట్రనో డాక్టరుగారో ఇంకో డ్యూటీ చెయ్యమంటారు, కాదనలేరు. మిషన్ ఆసుపత్రుల్లో మనుషులు ఎప్పుడూ తక్కువే, కాదనలేని మనిషి మీదే అన్నీ పడతాయి. ఏడాది తిరక్కుండా జ్వరంతో ఇంటికొస్తారు. తొమ్మిదిలక్షల అనుభవం మిమ్మల్ని దానికి కూడా తయారుచేసింది, గుర్తుంచుకోండి.

అమ్మకి మాత్రం మీరు బాకీయే. అన్నయ్య నోటి నుంచి వినకముందే ఆదివారం లోపు మీరే చెప్పండి. ఏడిస్తే ఏడవనివ్వండి. బీపీ మాత్రలకీ ఇంటి ఖర్చుకీ నెలకి ఇంతని ఆమె పేరు మీదున్న ఖాతాకే పడేలా బ్యాంకులో రాసివ్వండి, అన్నయ్య ఖాతాకి వద్దు. తర్వాత, మేత డీలరు దగ్గర గాని బ్యాంకులో గాని జామీనుగా మీ సంతకం ఉందేమో చూడండి. మీ బంగారం తాకట్టులో ఉంటే రసీదు ఎవరి దగ్గరుందో కనుక్కోండి. సంతకం ఉంటే ఎంత మిగిలిందో డీలరుచేత రాయించుకుని, పాస్టరుగారినీ మేనమామనీ కూర్చోబెట్టి, ఏ నెలతో ఆపేస్తారో వాళ్ల ముందే అన్నయ్యకి చెప్పండి. వదిన్ని కూడా పిలవండి, ఆవిడకి లెక్క తెలియకపోవచ్చు.

దరఖాస్తు ఆ మర్నాడు నింపండి.