డాక్టర్ సలహా: ఈ-రీడర్ వెలుతురుకు, కంటి మంటకు సంబంధం ఉందా?

ప్రశ్న: నా వయసు 47. ఏడేళ్లుగా ఒకే ఈ-రీడర్‌లో పుస్తకాలు చదువుతున్నాను. తెర అడుగున నీడలు కనిపిస్తాయి, వెలుతురు కాస్త నీలంగా ఉంటుంది. ఈమధ్య రాత్రిపూట అరగంట చదివేసరికి కళ్లు మండుతున్నాయి, అక్షరాలు అలుక్కుపోతున్నాయి. ఎక్కువ ఎల్ఈడీలున్న కొత్తది కొంటే కళ్లకు మేలేనా?

జవాబు: మీ ఉత్తరంలో నా చూపు ముందుగా ఆగింది మీ వయసు దగ్గర. నలభై దాటాక కంటిలోని కటకం సాగే గుణం తగ్గి, దగ్గరి అక్షరాల మీద చూపు నిలపడం కష్టమవుతుంది. అదే చత్వారం. మీరు చెప్పిన అలుకుడు చాలావరకు దాని లక్షణంలాగే ఉంది. కొత్త తెర కొన్నా చత్వారం మీ వెంటే వస్తుంది కాబట్టి ముందు కంటి పరీక్ష చేయించుకోండి. ఇక మంట. చదువులో మునిగితే రెప్ప వేయడం బాగా తగ్గి, కన్నీటి పొర ఆరిపోతుంది. ఫ్యాను గాలి నేరుగా ముఖానికి తగులుతుంటే మరీను.

ఈ-రీడర్లలో ఉండే ఈ-ఇంక్ తెర ఫోను తెరలా నేరుగా కళ్లలోకి వెలుతురు చిమ్మదు. అంచున పేర్చిన ఎల్ఈడీల వెలుతురు ఒక పలుచని పొర గుండా పరుచుకుని, పేజీ మీద పడి, కాగితం మీది నుంచి వచ్చినట్లే కంటికి చేరుతుంది. మీరు చూస్తున్న నీడలు ఆ ఎల్ఈడీల మధ్య ఖాళీలవి. చిరాకే గానీ కంటికి హాని లేదు. నా ఈ-రీడర్‌లోనూ ఒక మూల ఊదా మరక ఉంది. మొదటి వారం దాన్నే చూస్తూ కూర్చున్నాను, ఇప్పుడు వెతికితే తప్ప కనిపించదు.

ఎల్ఈడీల లెక్కను నమ్ముకోవద్దు. అమెజాన్ వారి కిండిల్ పేపర్‌వైట్ ఈ-రీడర్‌లో 2018లో అయిదు ఉంటే, 2021 నాటికి 17 అయ్యాయి. అయితే పెరిగిన వాటిలో కొన్ని పసుపు ఛాయ కోసం పెట్టినవి. నేనైతే గరిష్ఠ వెలుతురు అడగను, కనిష్ఠం చూస్తాను. చీకటి గదిలో చివరి మెట్టుకు దించినా తెర కళ్లలో గుచ్చుతుంటే ఆ ఈ-రీడర్ రాత్రి చదువుకు పనికిరాదు. తర్వాత మీరు రోజూ వాడే వెలుతురులో, అధ్యాయం చివర సగం ఖాళీగా ఉండే పేజీ తెరిచి, ఈ-రీడర్‌ను తలకిందులుగా తిప్పండి. నీడ దానితోపాటు తిరిగితే లోపం తెరది. ఉన్నచోటే ఉంటే గదిలోని దీపానిది. పాత, కొత్త తెరలను ఒకే గదిలో, ఒకే పేజీతో, ఒకే అక్షరాల సైజుతో పోల్చాలి. ఫోటోలు చూసి తీర్పు చెప్పకండి, కెమెరా నీడలను పెంచి చూపిస్తుంది. రంగుల ఈ-ఇంక్ తెరల్లో రంగు పొర వల్ల పేజీ నల్లబడి, వెలుతురు ఎక్కువ పెట్టాల్సి వస్తుంది. మీరు చదివేది అక్షరాలే అయితే నలుపు-తెలుపుదే మేలు.

నీలి కాంతి భయం అక్కర్లేదు. తెరల నుంచి వచ్చే కాస్త నీలి కాంతి కంటి వెనక పొర అయిన రెటీనాను పాడుచేస్తుందనడానికి ఆధారం లేదు. నిద్ర సంగతి వేరు. 2014లో వెలువడిన ఒక పరిశోధనలో, పడుకునే ముందు వెలిగే తెర మీద చదివినవారికి కాగితం పుస్తకం చదివినప్పటికంటే నిద్ర ఆలస్యమైంది. అయితే అక్కడ వాడింది పూర్తి వెలుతురులో పెట్టిన ట్యాబ్లెట్, అదీ నాలుగు గంటలపాటు. పసుపు ఛాయ హాయిగా అనిపిస్తే తీసుకోండి, మందు అనుకుని మాత్రం కాదు.

దీపాల చుట్టూ రంగు వలయాలు, తీవ్రమైన కంటి నొప్పి, ఉన్నట్టుండి ఒక కన్ను మసకబారడం... వీటిలో ఏది ఉన్నా వెంటనే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.

అవేవీ లేకపోతే ఈ రాత్రి పాత ఈ-రీడర్‌లోనే లైటు ఆపేసి, భుజం వెనక నుంచి టేబుల్ దీపం పడేలా కూర్చుని చదవండి. అప్పుడూ అరగంటకే అక్షరాలు అలుక్కుపోతే, డబ్బు ముందు పెట్టాల్సింది కళ్లజోడు మీద.