బాబుకు చెప్పిన లక్షణాలు నాలోనూ ఉన్నాయి... ఈ వయసులో పరీక్ష అవసరమా?

నా వయసు 37. మాది గుంటూరు దగ్గర ఒక ఊరు. జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా బాబుకు ఐదేళ్ళు. కిందటేడు వాడికి ఆటిజం అని చెప్పారు. వాడి గురించి డాక్టరుగారు ఒక్కో ప్రశ్న అడుగుతుంటే నా చిన్నతనం గురించే అడుగుతున్నట్టు అనిపించింది. ఎవరికైనా ఫోన్ చేయాలంటే ఏం మాట్లాడాలో ముందు కాగితం మీద రాసుకుంటాను. స్టాఫ్ రూమ్‌లో అందరూ ఎందుకు నవ్వుతున్నారో నాకు ఆలస్యంగా అర్థమవుతుంది. పెళ్ళికో పేరంటానికో వెళ్ళొస్తే రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేను. చిన్నప్పటి నుంచీ అందరూ నాకు పొగరనే అంటారు. మావారితో చెబితే ‘యూట్యూబ్‌లో చూసినవన్నీ నీకు తగిలించుకోకు’ అన్నారు. అత్తగారు ఇప్పటికే ‘మా వైపు ఇలాంటి పిల్లలు ఎవరూ లేరు’ అంటుంటారు. ధైర్యం చేసి ఒక సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్తే, ‘ఉద్యోగం చేస్తున్నారు, పెళ్ళయింది, మీకు ఆటిజం ఏమిటి?’ అని నిద్రకు మాత్రలు రాశారు. రాత్రిళ్ళు ఒక్కోసారి, నేను లేకపోతేనే వీళ్ళకు బాగుంటుందేమో అనిపిస్తుంది. ఈ వయసులో పరీక్ష చేయించుకోవడం అవసరమా? ఎక్కడికి వెళ్ళాలి? తేలితే ఉద్యోగానికి ఇబ్బందా?
- ఒక సోదరి, గుంటూరు జిల్లా

మీరు చివర్లో, ప్రశ్నలకు ముందు రాసిన ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘నేను లేకపోతేనే వీళ్ళకు బాగుంటుందేమో’ అన్నారు. ఆటిజం సంగతి తర్వాత చూద్దాం, ముందు దీని గురించి మాట్లాడాలి. ఆ ఆలోచన ఈ రాత్రి మళ్ళీ వస్తే తెల్లారేదాకా ఒక్కరే మోయకండి. 14416కి ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్. డబ్బు కట్టక్కర్లేదు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. మీకు ఫోన్లో మాట్లాడటం కష్టమని రాశారు కాబట్టి, ఏం చెప్పాలో ఇప్పుడే ఒక కాగితం మీద రాసి దగ్గర పెట్టుకోండి. ‘నేను లేకపోతే బాగుండుననిపిస్తోంది, సాయం కావాలి’ అని చదివినా చాలు. మీవారితో కూడా ఈ ఒక్క మాట ఈరోజే చెప్పండి. ఆటిజం గురించి ఆయన వాదించినా, దీని గురించి వాదించరు.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. పరీక్ష చేయించుకోండి. మీ అనుమానానికి గట్టి ఆధారమే ఉంది. ఆటిజంలో వారసత్వం పాత్ర చాలా ఎక్కువ. బిడ్డ కోసం డాక్టరు దగ్గర కూర్చున్నప్పుడు తమను తాము గుర్తుపట్టే తల్లులు, తండ్రులు ఎందరో ఉన్నారు. పెద్దవాళ్ళలో ఆటిజం బయటపడే దారుల్లో ఇది బాగా తెలిసినది. ఉద్యోగం, పెళ్ళి ఉన్నంత మాత్రాన ఆటిజం ఉండదన్న మాట సరైనది కాదు. ఆ డాక్టరుగారి మాట మీద మీ ప్రయత్నం ఆపేయకండి.

మరి ఇన్నేళ్ళూ ఎవరూ ఎందుకు కనిపెట్టలేదు? మీరు బడికెళ్ళే రోజుల్లో ఆటిజం అంటే మాటలు రాని పిల్లాడు, అదీ మగపిల్లాడు. 1995లో వచ్చిన వికలాంగుల చట్టంలో ఆటిజం అన్న పేరే లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టంలో ఆ పేరు వచ్చింది. వైకల్యాల జాబితాను 21కి పెంచిన 2016 చట్టంలో దానికి పూర్తి చోటు దొరికింది. డాక్టర్లు వాడే అమెరికన్ మాన్యువల్ కూడా తక్కువ నుంచి ఎక్కువ దాకా అన్ని రకాలనూ ఆటిజం స్పెక్ట్రమ్ అనే ఒకే పేరు కిందకు తెచ్చింది 2013లోనే. చక్కగా మాట్లాడుతూ, లెక్కల్లో ఫస్టు వచ్చే ఆడపిల్లను అప్పట్లో ఎవరు అనుమానిస్తారు? పైగా ఆడపిల్లలు పక్కవాళ్ళను చూసి నేర్చేసుకుంటారు. ఎప్పుడు నవ్వాలి, ఎంతసేపు కళ్ళలోకి చూడాలి, ‘అన్నం తిన్నారా’ అని ఎప్పుడు అడగాలి, అన్నీ పాఠంలా బట్టీ పడతారు. దీన్ని మాస్కింగ్ అంటారు. బయటివాళ్ళకు ఏమీ కనపడదు. మనిషి మాత్రం లోపల్లోపల అరిగిపోతుంది. పెళ్ళి నుంచి వచ్చాక మీకు రెండు రోజులు మాట రాకపోవడానికి కారణం ఇదే కావచ్చు. అది పొగరు కాదు.

అయితే ఉత్తరం చదివి నేను తేల్చి చెప్పలేను, చెప్పకూడదు కూడా. నలుగురిలోకి వెళ్ళాలంటే భయపడే సోషల్ యాంగ్జైటీలో, ఏకాగ్రత కుదరని ఏడీహెచ్‌డీలో, చాలాకాలంగా ఉన్న డిప్రెషన్‌లో కూడా ఇందులో కొన్ని కనిపిస్తాయి. ఆటిజంతో పాటు ఇవి కలిసి ఉండటమూ మామూలే. ప్రత్యేక అవసరాలున్న బిడ్డను పెంచుతూ, నిద్ర చాలక, అత్తగారి మాటలు పడుతూ ఉంటే ఎవరైనా జనానికి దూరంగా పోవాలనే చూస్తారు. తేడా ఎక్కడంటే, ఆటిజం మధ్యలో వచ్చేది కాదు, చిన్ననాటి నుంచే ఉంటుంది. అందుకే పరీక్షలో సగం మీ బాల్యం గురించే ఉంటుంది. ఇంటర్నెట్‌లో దొరికే, ఆటిజం లక్షణాల గురించి 50 ప్రశ్నలు అడిగే ఏక్యూ లాంటివి చేసి ఉంటే ఆ మార్కులు రాసిపెట్టుకోండి. అవి ఇంకా వివరంగా చూడాలా వద్దా అని చెప్పడానికే పనికొస్తాయి, ఉందని గానీ లేదని గానీ తేల్చవు.

దీనికి రక్తపరీక్ష లేదు, స్కానింగ్ లేదు. అలాంటివేవో చేసి ఆటిజం తేలుస్తామని ఎవరైనా డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. క్లినికల్ సైకాలజిస్టు, సైకియాట్రిస్టు కూర్చోబెట్టి వివరంగా మాట్లాడతారు. ఒక్క రోజులో ముగియకపోవచ్చు. పెద్దవాళ్ళ కోసం విడిగా ఒక భాగం ఉన్న ఏడాస్ అనే పరీక్ష కొన్నిచోట్ల చేస్తారు. మీకు దగ్గర్లో మంగళగిరి ఎయిమ్స్‌లో సైకియాట్రీ విభాగం ఉంది. విశాఖలో, హైదరాబాద్ ఎర్రగడ్డలో ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి, బెంగళూరులో నిమ్‌హాన్స్ ఉంది. ఎక్కడికైనా వెళ్ళే ముందు రెండు విషయాలు అడగండి. పెద్దవాళ్ళకు ఆటిజం అసెస్‌మెంట్ చేస్తారా? చేసే సైకాలజిస్టుకు, ఇలాంటి నిపుణులను నమోదు చేసే రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందా? మొదటిదానికి ‘పిల్లలకే చేస్తాం’ అంటే అక్కడికి వెళ్ళి ప్రయాణం దండగ చేసుకోకండి.

అక్కడ మీరు చేయగలిగే పొరపాటు ఒకటుంది. మీకు అలవాటైన మాస్కింగ్ డాక్టరు ముందు కూడా తనంత తానే వచ్చేస్తుంది. నవ్వుతూ, అడిగినదానికి చక్కగా జవాబు చెప్పి, ఏమీ లేనట్టే కూర్చుంటారు. అందుకని ముందే రాసుకొని తీసుకెళ్ళండి. ‘నాకు శబ్దాలు పడవు’ అని రాస్తే చాలదు. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టాక వంటషెడ్డు దగ్గర స్టీలు పళ్ళేల చప్పుడు మొదలైతే మీరు ఏం చేస్తారు? తలుపు వేసుకొని కూర్చుంటారా, ఆ రోజు ఐదో పీరియడ్‌లో బోర్డు మీద లెక్క తప్పు పోతుందా? టైంటేబుల్ చెప్పకుండా మార్చేస్తే ఆ సాయంత్రం ఇంట్లో ఎలా ఉంటారు? ఫోన్ కోసం రాసుకునే కాగితాలు ఉంటే అవే పట్టుకెళ్ళండి. ఏడేళ్ళప్పుడు ఎవరితో ఆడేవారో, ఏం తినేవారు కాదో, ఏ బట్ట గుచ్చుకుంటుందని ఏడ్చేవారో మీ అమ్మగారిని అడిగి రాసుకోండి. ‘నేను చిన్నప్పుడు తేడాగా ఉండేదాన్నా’ అని మాత్రం అడగకండి. ఏ తల్లీ దానికి అవునని చెప్పదు.

మీ ఉత్తరంలో మూడు వేర్వేరు నిర్ణయాలు ఒకే ముడిలో పడి మిమ్మల్ని భయపెడుతున్నాయి. పరీక్ష చేయించుకోవడం ఒకటి, వైకల్య ధ్రువపత్రం తీసుకోవడం ఒకటి, ఎవరికి చెప్పాలన్నది ఇంకొకటి. మొదటిది చేసినంత మాత్రాన మిగతా రెండూ చేయాలని లేదు.

ధ్రువపత్రం గురించి కొంచెం వివరంగా చెబుతాను, చాలామంది ఇక్కడే తికమక పడతారు. మన దేశంలో ఆటిజం ధ్రువపత్రానికి ఇసా అనే కొలమానం వాడుతూ వచ్చారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని, మేధో వైకల్యాల మీద పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసిన ఆ పట్టికలో 40 అంశాలు ఉంటాయి. 70 మార్కుల లోపు వస్తే ఆటిజం లేదన్నట్టు. అది ఎక్కువగా పైకి కనిపించే ప్రవర్తనను చూసే పద్ధతి. ముప్పై ఏళ్ళుగా అన్నీ దాచుకోవడం నేర్చుకున్న టీచరుకు అందులో తక్కువ మార్కులు వస్తే ఆశ్చర్యం లేదు. దాని ఫలితం వేరు, సైకాలజిస్టు వివరంగా చూసి ఇచ్చే నిర్ధారణ వేరు అని గుర్తుంచుకోండి. రిజర్వేషన్ లాంటి ప్రయోజనాలకు 40 శాతం వైకల్యం ఉండాలి. అది వచ్చినవాళ్ళకు ఆదాయపు పన్ను పాత విధానంలో 75,000 రూపాయల మినహాయింపు కూడా ఉంది. మీకు ఇప్పుడు ఉద్యోగం ఉంది కాబట్టి ముందు దాని వెంట పడొద్దనే నా సలహా. మీకు కావాల్సింది జవాబు.

ఉద్యోగం పోతుందన్న టెన్షన్ పెట్టుకోకండి. ఉద్యోగ విషయాల్లో ఏ ప్రభుత్వ సంస్థా వైకల్యం పేరుతో వివక్ష చూపకూడదని 2016 చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది. తగిన వెసులుబాట్లు కల్పించాలని కూడా అందులోనే ఉంది. మీ వైద్య వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య చట్టం చెబుతోంది. మీరు చెప్పనిదే హెడ్మాస్టరుగారికి తెలియాల్సిన పని లేదు. ఆటిజం మాట ఎత్తకుండానే ‘ఫ్యాను చప్పుడు వల్ల తలనొప్పి వస్తోంది, ఆ మూల కుర్చీ ఇప్పించండి’ అని అడగొచ్చు.

ఇంటి సంగతి దీనికంటే కష్టం. మీకు ఆటిజం అని తేలితే ‘చూశావా, నీవల్లే’ అంటారన్న భయం మీరు రాయకపోయినా ప్రతి వాక్యంలోనూ ఉంది. ఆటిజం వెనుక ఒక్క జన్యువు కాదు, ఎన్నో జన్యువులు ఉంటాయి. తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ వస్తాయి. కొన్ని బిడ్డలోనే కొత్తగా కూడా వస్తాయి. మీ అత్తగారు చెప్పినట్టు అటువైపు ఎవరూ లేరో, మీలాగే ఎవరూ గుర్తించలేదో ఆవిడకూ తెలియదు. మీరు తిన్నది, చేసిన ఉద్యోగం, బాబుకు వేయించిన టీకాలు, వీటిలో ఏదీ కారణం కాదు. కన్నతల్లి రంగు, ఎత్తు బిడ్డకు వస్తే ఎవరూ తప్పు పట్టరు. ఇదీ అంతే. అత్తగారికి చెప్పాల్సిన అవసరం ఇప్పుడు లేదు, ఎప్పటికీ లేకపోయినా ఫరవాలేదు. గొడవలో మాటకు మాటగా మాత్రం అస్సలు బయటపెట్టకండి.

మీవారికి చెప్పాలి. ఆయన ఎగతాళి చేయడం లేదని, భయపడుతున్నారని నాకనిపిస్తోంది. కొడుకు గురించి విన్న ఏడాదికే భార్య గురించి కూడా వినాలంటే ఆయనకూ కష్టమే. వాదించి ఒప్పించాలని చూడొద్దు. ‘ఒక్కసారి నాతో వచ్చి కూర్చోండి, మీరు చూసింది వాళ్ళకు చెప్పండి’ అని అడగండి. సైకాలజిస్టుకు ఆయన మాటలు నిజంగానే పనికొస్తాయి.

తేలాక ఏమవుతుందో కూడా చెప్పాలి. ఆటిజానికి మందు లేదు. దానితో పాటు వచ్చే నిద్రలేమికి, ఆందోళనకు, డిప్రెషన్‌కు మంచి చికిత్స ఉంది. ఇప్పుడు వాడుతున్న మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. డాక్టరును అడిగే ఆపాలి. మన దగ్గర పెద్దవాళ్ళ కోసం ప్రత్యేక సేవలు చాలా తక్కువ, ఆ నిజం ముందే తెలిస్తే నిరాశ పడరు. కానీ ఏ కౌన్సెలర్ దగ్గరకు వెళ్ళినా ‘జనంలో కలవండి, అదే అలవాటవుతుంది’ అనే సలహా మీకు ఎందుకు పనిచేయదో చెప్పగలుగుతారు. పెళ్ళికి వెళ్ళి ముహూర్తం చూసి అక్షింతలు వేసి వచ్చేయొచ్చు, ఆ మర్నాడు సెలవు పెట్టుకోవచ్చు. మొదట్లో చాలామందికి ఊరటతో పాటు కోపం కూడా వస్తుంది. పొగరని తిట్టిన వాళ్ళందరూ గుర్తొస్తారు. రానివ్వండి. ఒకవేళ ఆటిజం కాదని తేలితే, మరి ఈ ఇబ్బందులకు కారణం ఏమిటో రాతపూర్వకంగా ఇమ్మని అడగండి. ‘ఏమీ లేదు, మీ ఊహ’ అన్న మాటతో తిరిగి రాకండి.

అపాయింట్‌మెంట్ దసరా సెలవుల్లోనో సంక్రాంతి సెలవుల్లోనో పడేలా ఇప్పుడే చూసుకోండి. బాబు థెరపీ రోజులతో కలవకుండా పెట్టించండి, ఆ రోజు మీ పేరు మీద ఉండాలి. అమ్మగారు ప్రయాణం చేయలేకపోతే ఆమెతో ఫోన్లో మాట్లాడమని సైకాలజిస్టును ముందుగానే అడగండి.