ఛాంపియన్‌గా బరిలోకి దిగిన ఏడాది: సియాటిల్ సీహాక్స్ 2014 సీజన్

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఫైనల్ అయిన సూపర్ బౌల్‌ను గెలిచిన జట్టు మరుసటి ఏడాది మళ్ళీ ఎందుకు గెలవలేకపోతుంది, విజయగర్వమే అందుకు కారణమా అని మీరు అడిగారు. నేను 2012 నుంచి కొన్నేళ్ళపాటు సియాటిల్‌కు సరస్సు అవతల ఉన్న బెల్‌వ్యూలో ఉద్యోగం చేశాను. అందువల్ల సీహాక్స్ జట్టు ఛాంపియన్ హోదాలో ఆడిన 2014 సీజన్‌ను మొదటి మ్యాచ్ నుంచి చివరి మ్యాచ్ దాకా ఒక్కటీ వదలకుండా చూశాను. గర్వం సంగతి పత్రికలు రాసుకోవడానికి బాగుంటుంది గానీ, నేను చూసినంతలో దెబ్బ తీసింది జీతాల లెక్క, ఆ తర్వాత గాయాలు.

2014 ఫిబ్రవరి 2న సూపర్ బౌల్‌లో సీహాక్స్ జట్టు డెన్వర్ బ్రాంకోస్‌ను 43–8తో చిత్తు చేసింది. మూడు రోజుల తర్వాత సియాటిల్‌లో జరిగిన ఊరేగింపుకు, గడ్డకట్టే చలిలో కూడా ఏడు లక్షల మంది దాకా వచ్చారని అంచనా వేశారు. సెలవు పెట్టి మరీ వెళ్ళిన నాకు కనిపించినవి జనం తలలు, అభిమానులకు గుర్తయిన పన్నెండో నంబరు జెండాలు, ఊరేగింపు బండి ముందు భాగం మీద కూర్చుని స్కిటిల్స్ మిఠాయిలు విసురుతున్న, బంతితో పరుగెత్తే ఆటగాడు మార్షాన్ లించ్ మాత్రమే. ఇలాంటి జట్టు ఇంకో మూడు నాలుగేళ్ళు గెలుస్తూనే ఉంటుందని ఆ రోజు అక్కడున్న వాళ్ళందరిలాగే నేనూ నమ్మాను.

ఐపీఎల్ చూసేవారికి పర్సు అంటే తెలుసు కదా. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కూడా జట్టు మొత్తం జీతాలకు ఏటా ఒక పరిమితి ఉంటుంది, 2014లో అది 133 మిలియన్ డాలర్లు. ఓడిన జట్టులో మామూలుగా కనిపించే ఆటగాడికి గెలిచిన జట్టులో ఉంటే విలువ పెరుగుతుంది. ఆ పెరిగిన ధరను అందరికీ ఇవ్వడం సొంత జట్టుకు సాధ్యం కాదు. ఆ వసంతంలో సీహాక్స్ తమ డిఫెన్స్‌కు ఆయువుపట్టయిన ఇద్దరితో, అంటే ఎర్ల్ థామస్‌తో నాలుగేళ్ళకు 40 మిలియన్లకు, రిచర్డ్ షెర్మన్‌తో నాలుగేళ్ళకు 56 మిలియన్లకు ఒప్పందాలు పొడిగించుకుంది. మరోవైపు గోల్డెన్ టేట్ డెట్రాయిట్‌కు, క్రిస్ క్లెమన్స్, రెడ్ బ్రయంట్ జాక్సన్‌విల్‌కు, బ్రాండన్ బ్రౌనర్ న్యూ ఇంగ్లండ్‌కు వెళ్ళిపోయారు. జట్టు దాడిని నడిపిస్తూ పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ రసెల్ విల్సన్ ఇంకా తన మొదటి, చవక ఒప్పందం మీదే ఆడుతుండటం వల్ల నష్టం అంతటితో ఆగిందని నా అభిప్రాయం.

సెప్టెంబరు 4న గ్రీన్ బేను 36–16తో ఓడించి సీజన్ మొదలుపెట్టినప్పుడు ఈ లెక్కలేవీ ఎవరికీ గుర్తు రాలేదు. అక్టోబరు 12న డాలస్‌తో జరిగిన మ్యాచ్‌కు నేను 550 నంబరు బస్సెక్కి స్టేడియానికి వెళ్ళాను. 2012, 2013 సీజన్లు రెండింటిలో కలిపి సొంత మైదానంలో ఒకే ఒక్క మ్యాచ్ ఓడిన జట్టు ఆ రోజు 30–23తో ఓడిపోయింది. పక్క మనిషి మాట కూడా వినిపించనంత హోరుకు పేరుపడిన స్టేడియం చివరి నిమిషాల్లో మూగబోవడం నేను మొదటిసారి చూశాను. ఆ వారంలోనే మెరుపు వేగం గల పెర్సీ హార్విన్‌ను న్యూయార్క్ జెట్స్‌కు ఇచ్చివేశారు.

మరుసటి వారం సెయింట్ లూయిస్‌లో జరిగినది మీ ప్రశ్నకు ఇంకా బాగా సరిపోతుంది. సీహాక్స్ పంట్ చేసిన (ప్రత్యర్థికి అప్పగిస్తూ దూరంగా తన్నిన) బంతి మైదానంలో ఒక వైపుకు వస్తుంటే, అక్కడి జట్టు రామ్స్ ఆటగాడు ఒకడు రెండో వైపున నిలబడి దాన్ని పట్టబోతున్నట్టు నటించాడు. సీహాక్స్ వాళ్ళంతా అతని మీదికి పరుగెత్తేసరికి, అసలు బంతిని అందుకున్న స్టెడ్‌మన్ బెయిలీ 90 గజాలు పరుగెత్తి, బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటించి టచ్‌డౌన్ చేశాడు. చివర్లో తమ సొంత 18 గజాల గీత దగ్గర నుంచి పంట్ చేస్తున్నట్టు నటించి పాస్ విసిరి, 28–26తో గెలిచారు. ఇలాంటి ఎత్తులను మామూలు జట్టు మీద ఎవరూ ఖర్చు చేయరు, ఛాంపియన్ కోసం దాచిపెట్టుకుంటారు. సీహాక్స్ లెక్క అప్పటికి మూడు గెలుపులు, మూడు ఓటములు.

నవంబరులో కాన్సాస్ సిటీ చేతిలోనూ ఓడిన తర్వాత, గాయాల నుంచి డిఫెన్స్ ఆటగాళ్ళు బాబీ వాగ్నర్, కామ్ చాన్సలర్ తిరిగి రావడంతో జట్టు మారిపోయింది. చివరి ఆరు మ్యాచ్‌లూ గెలిచి, ఆ ఆరింటిలో కలిపి ప్రత్యర్థులకు 39 పాయింట్లే ఇచ్చి, 12 గెలుపులు, 4 ఓటములతో ముగించింది.

జనవరి 18న గ్రీన్ బేతో జరిగిన కాన్ఫరెన్స్ ఫైనల్‌ను, అంటే సూపర్ బౌల్‌కు ముందు మెట్టును, రెడ్మండ్‌లో మిత్రుడి ఇంట్లో చూశాం. సగం ఆట ముగిసేసరికి 0–16, చివరి ఐదు నిమిషాల్లో 7–19. విల్సన్ నాలుగు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, అంటే అతని పాస్‌లు నాలుగుసార్లు ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. నేను విసిగిపోయి బూట్లు వేసుకుని కారు దాకా వెళ్ళాను, లోపలి నుంచి కేకలు వినపడితే మళ్ళీ పరుగెత్తుకొచ్చాను. అదనపు సమయంలో 28–22తో గెలిచారు. అయితే ఆ గెలుపులోనే థామస్‌కు భుజం, షెర్మన్‌కు మోచెయ్యి దెబ్బతిన్నాయి.

ఫిబ్రవరి 1న గ్లెన్‌డేల్‌లో, న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్‌తో సూపర్ బౌల్‌లో ఆ ఇద్దరూ గాయాలతోనే ఆడారు, చాన్సలర్ మోకాలి గాయంతో దిగాడు. మ్యాచ్ మధ్యలో జెరెమీ లేన్ చెయ్యి విరిగింది, క్లిఫ్ ఏవ్రిల్ తలకు దెబ్బ తగిలి బయటికి వెళ్ళాడు. చివరి క్వార్టర్‌కు ముందు 24–14తో ముందున్న జట్టు 24–28కి వెనకబడటంలో నాకు గర్వం కనిపించలేదు, అలసిపోయిన డిఫెన్స్ కనిపించింది. ఆఖరి 26 సెకన్లలో, టచ్‌డౌన్‌కు ఒక్క గజం దూరంలో, బంతిని లించ్‌కు ఇవ్వకుండా పాస్ విసరడం పిచ్చితనమని ఇప్పటికీ అందరూ అప్పటి కోచ్ పీట్ కారల్‌ను తిడతారు. గడియారం ఆపే టైమౌట్ ఒక్కటే మిగిలి ఉన్నప్పుడు మిగతా మూడు ప్రయత్నాల్లోనూ పరుగే ఎంచుకునే వీలు ఉండదు గనుక, ఆ ఆలోచన మనం తిట్టుకున్నంత చెడ్డది కాదని నేను అనుకుంటాను. డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్ళను ఎంచుకునే ఏటి కార్యక్రమంలో, ఎవరూ ఎంచుకోని న్యూ ఇంగ్లండ్ కొత్త ఆటగాడు మాల్కమ్ బట్లర్ మధ్యలోకి దూసుకొచ్చి ఆ బంతిని పట్టుకోవడంతో మ్యాచ్ చేజారింది.

బట్లర్‌కు దారి ఇవ్వకుండా అడ్డుకోవలసిన సీహాక్స్ ఆటగాడు జెర్మెయిన్ కర్స్‌ను గీత మీదే కదలనివ్వకుండా ఒకడు పట్టి నిలిపేశాడు. ఆ సంగతి మాలో ముందుగా గమనించింది మిత్రుడి పదేళ్ళ కొడుకు. రీప్లే వస్తుంటే టీవీ దగ్గరికి వెళ్ళి, న్యూ ఇంగ్లండ్ చొక్కాలో ఉన్న బ్రౌనర్‌ను వేలితో చూపించి, "ఈ 39 నంబర్ మనవాడే కదా అంకుల్" అని అడిగాడు.