జోన్లు చూసే ఉద్యోగం వాచ్‌మన్ పనా?

ప్రశ్న: మా అబ్బాయి ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తిచేశాడు. బిల్డింగులకు సెక్యూరిటీ అలారాలు పెట్టే కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ‘జోన్లు మానిటర్ చేసే పని’ అంటున్నాడు. ఇంత చదివి వాచ్‌మన్ పనా? ఏఐ కోర్సులో చేరమంటే వినడు. రెండింటిలో ఏది మేలో పోల్చి చెప్పండి.

జవాబు: మీరు జీతం గురించి ఒక్క ముక్క కూడా అడగలేదండీ. నలుగురికీ ఏమని చెప్పుకోవాలన్నదే మీ టెన్షన్. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, ఉద్యోగం పేరొక్కటే మారుతుంది.

ఆ పనేమిటో అబ్బాయిని ఒక్కసారైనా అడిగారా? అలారం కోసం బిల్డింగును భాగాలుగా విడదీస్తారు, ఒక్కో భాగం ఒక జోన్. ముందు తలుపు ఒక జోన్, కిటికీలు ఒకటి, స్టోర్ రూమ్ మరొకటి. ఒక్కో జోన్ వైరు చివర రెసిస్టర్ అని, కరెంటును కొంత అడ్డుకునే చిన్న భాగం ఉంటుంది. దాని విలువ సరిగ్గా కనిపిస్తున్నంతసేపూ ప్యానెల్, అంటే ఈ వైర్లన్నీ చేరే కంట్రోల్ పెట్టె, ఊరుకుంటుంది. తలుపు తెరిచినా వైరు కోసినా సర్క్యూట్ ఓపెన్ అవుతుంది. ఆ రెండింటికీ తేడా తెలియాలంటే రెండు రెసిస్టర్లు పెట్టాలి. అన్ని జోన్లకూ ఒకే రూలు కుదరదు. ముందు తలుపుకు కోడ్ నొక్కేందుకు కొన్ని సెకన్ల గడువివ్వాలి. ప్యానిక్ బటన్ మాత్రం సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా 24 గంటలూ పనిచేయాలి.

కొందరు బద్ధకించి రెసిస్టర్‌ను ప్యానెల్ పెట్టెలోనే బిగించేస్తారు. టెస్ట్ చేస్తే సైరన్ బ్రహ్మాండంగా మోగుతుంది. కానీ మధ్యలో ఎవరైనా రెండు వైర్లూ కలిపేస్తే, ఆ తలుపు ఎన్నిసార్లు తెరిచినా ప్యానెల్‌కు తెలియదు. అది పట్టుకునేవాడిని వాచ్‌మన్ అంటారా మీరు? అయినా వాచ్‌మన్ పని అంత చులకనా?

ఇక ఏఐ. ఆ రంగాన్ని నేను తక్కువ చేయను. నా అనుమానమంతా కొన్ని నెలల్లో ఎవరినైనా నిపుణుణ్ణి చేస్తామనే కోర్సుల మీదే. గణితం మీద ఇష్టం, ప్రోగ్రామింగ్ అలవాటు లేకుండా చేరినవాళ్లు సర్టిఫికెట్ పట్టుకుని నా దగ్గరికే తిరిగొస్తున్నారు. పక్కింటి అబ్బాయి చేరాడని మీవాణ్ణీ తోయకండి. ఆసక్తి ఉంటే ఉద్యోగం చేస్తూనే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు. వేళకాని వేళ ఉత్తినే మోగే తప్పుడు అలారాలను వడకట్టడం ఈ రంగానికి పెద్ద తలనొప్పి, ఆ నేర్పు అక్కడే పనికొస్తుంది.

పోల్చి చెప్పమన్నారు గానీ, కోర్సు ఫీజు మీ చేతి నుంచి పోయేది, ఉద్యోగం మీవాడి చేతికొచ్చింది. అంతకుమించి పోలిక నాకు కనబడలేదు. భయపడకండి, ఒకటి రెండేళ్లు ఇందులో ఉన్నంత మాత్రాన ఏ తలుపూ మూసుకుపోదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెబుతాను. కంట్రోల్ రూమ్‌లో స్క్రీన్ ముందు కూర్చుని, 130 కోడ్ వస్తే దొంగతనం, 110 వస్తే ఫైర్ అని చూసి ఫోన్లు చేయడమే పనైతే, నైట్ షిఫ్టులు తప్ప నేర్చుకునేది కొద్దే. వైరింగ్, ప్యానెల్ ప్రోగ్రామింగ్ కూడా చేయిస్తారా అని చేరేముందే అడగమనండి. చేయిస్తామంటే ఇంక ఆపకండి.