రాయగడలో ఉద్యోగంలో చేరుతున్న మేనకోడలికి

అమ్మలూ,

రాయగడ దగ్గర ప్లాంటులో కంట్రోల్ సిస్టమ్స్‌లో చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసింది. ఇక్కడ గుణుపురంలో మా వీధంతా చెప్పేశాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

భాషకి బెంగపడకు. మనవాళ్లు బోలెడుమంది, మిగతావాళ్లతో ఒడియా, హిందీ కలిపి నెట్టుకొచ్చెయ్. వీలైనప్పుడు మజ్జిగౌరమ్మ గుడికి వెళ్లిరా.

రెండు కంప్యూటర్లు మాట్లాడుకోకపోతే కేబుల్, స్విచ్ లైట్లు చూడు. రెండు వైపుల నుంచీ పింగ్ చెయ్యి, అంటే ఉన్నావా అని పిలిచి జవాబొస్తుందేమో చూడు. ఫైర్‌వాల్ కూడా పింగ్‌ని ఆపుతుంది, కాబట్టి పింగ్‌నొక్కదాన్నే నమ్మకు. ఇవన్నీ నీకు తెలిసినవే.

నేను పనిచేసిన ఒకచోట జరిగింది విను. షట్‌డౌన్‌లో కాంట్రాక్టర్ కుర్రాడు ఆపరేటర్ స్టేషన్, అదే ప్లాంటుని చూసుకునే కంప్యూటర్, మార్చాడు. ఐపీ అడ్రస్ అచ్చం పాతదే, 192.168.1.20. ఏ అడ్రస్‌లు మన ఊరివో, ఏవి పరాయివో చెప్పే సబ్‌నెట్ మాస్క్‌లో మాత్రం చివర 0 ఉండాల్సిన చోట 128 కొట్టాడు. దాంతో ఆ కంప్యూటర్‌కి 127 దాటిన అడ్రస్‌లన్నీ పరాయి ఊరైపోయాయి. ఆ నెట్‌వర్క్‌లో బయటికి దాటించే గేట్‌వే లేదు, అటు వెళ్లే దారే లేదు. 131లో ఉన్నది బాయిలర్ పీఎల్‌సీ, అంటే బాయిలర్‌ని నడిపే చిన్న కంప్యూటర్. తెర మీద దాని అంకెల బదులు ప్రశ్నార్థకాలు. తక్కువ నంబర్ల పీఎల్‌సీలన్నీ శుభ్రంగా కనిపిస్తున్నాయి కదా, మరి కంప్యూటర్‌ని ఎవరు అనుమానిస్తారు? కేబుల్ మార్చారు, స్విచ్ మార్చారు. పక్క స్టేషన్‌లో అదే బాయిలర్ నిక్షేపంగా కనిపిస్తోంది, అటు తిరిగి చూసినవాడు లేడు! షిఫ్ట్ ఇన్‌చార్జి పీఎల్‌సీని రీస్టార్ట్ చేయించాడు. బాయిలర్ ట్రిప్పయి ఆగిపోయింది, ప్లాంటంతా స్టీమ్ పోయింది. తెర మీద ప్రశ్నార్థకాలు మాత్రం అలాగే ఉన్నాయి. తెల్లవారుజామున ఎవరో ఆ కంప్యూటర్‌లో ఐపీకాన్ఫిగ్ కమాండ్ కొట్టి మాస్క్ చూస్తే బయటపడింది.

నా భయమల్లా అదే. కొన్ని కనిపించి కొన్ని కనిపించకపోతే, పక్క కంప్యూటర్‌లో చూడు, రెండింటి మాస్కులూ కాగితం మీద ఒకదాని కింద ఒకటి రాసుకో. నడుస్తున్న పీఎల్‌సీ జోలికి మాత్రం పోకు. పెద్ద ఆఫీసరు కేకలేసినా సరే, పర్మిట్ లేందే రీస్టార్ట్ చెయ్యనని చెప్పు. నీకసలే మొహమాటం ఎక్కువ, చిన్నప్పుడు వద్దన్న లడ్డూ కూడా తినేసేదానివి.

ఇంకోటి. కంప్యూటర్‌లో రెండు నెట్‌వర్క్ కార్డులుంటే, ఆఫీసుకొకటి, ప్లాంటుకొకటి, రెండింటికీ ఒకే సబ్‌నెట్ పెట్టకు, గేట్‌వే రెండింట్లోనూ రాయకు, ఒక్కదాంట్లోనే ఉండాలి.

నైట్ షిఫ్ట్‌లో ఏ అనుమానమొచ్చినా ఫోన్ చెయ్యి, మావయ్య పడుకుని ఉంటాడనుకోకు. మాస్క్ చూడకుండా చేశావంటే మాత్రం తిట్లు తప్పవు.

మీ మావయ్య