మావిలోని నిరపాయ కణితిలో రక్తనాళాలు అంత దట్టంగా ఎందుకు పెరుగుతాయి?

గర్భంలో శిశువుకు పోషణ అందించే మావిలో (ప్లాసెంటాలో) వచ్చే కోరాంజియోమా అనే కణితి క్యాన్సర్ కాకపోయినా, దానిలో రక్తనాళాలు ఇంతగా ఎందుకు పెరుగుతాయి, జన్యువుల పాత్ర ఏమిటి అన్నది ప్రశ్న. ఈ కణితిని సూక్ష్మదర్శినిలో చూస్తే, ఎర్ర రక్తకణాలతో నిండిన సన్నని కేశనాళికలు ఒకదానినొకటి ఒరుసుకుంటూ గుంపులుగా కనిపిస్తాయి. ఇవన్నీ శిశువు వైపు రక్తనాళాలే.

ఈ పెరుగుదలకు ప్రాణవాయువు కొరత కారణమన్నది ఒక వాదం. ప్రాణవాయువు తగినంత ఉన్నప్పుడు కణంలో హెచ్ఐఎఫ్-1 ఆల్ఫా అనే ప్రోటీన్ తయారైన కొద్ది నిమిషాలకే విచ్ఛిన్నమవుతుంది. ప్రాణవాయువు తగ్గితే అది విచ్ఛిన్నం కాకుండా నిలిచి, కేంద్రకంలోకి చేరి, వీఈజీఎఫ్ వంటి రక్తనాళ వృద్ధి కారకాల జన్యువులను చురుకుగా పనిచేయిస్తుంది. ఆ కారకాలు నాళాల లోపలి పొర కణాల మీది గ్రాహకాలకు అతుక్కోగానే ఆ కణాలు విభజన చెంది కొత్త కొమ్మలు వేస్తాయి. ఎత్తైన పర్వత ప్రాంతాల గర్భిణులలో ఈ కణితులు ఎక్కువగా కనిపించడం ప్రాణవాయువు కొరత వాదానికి బలమిస్తుంది. ఇక్కడ గమనించవలసింది, జన్యువు చురుకుదనం పెరగడం వేరు, జన్యువు దెబ్బతినడం వేరు. కాబట్టి దీనిని తల్లి నుంచి సంక్రమించిన దోషంగా భావించి ఎవరూ కుమిలిపోవలసిన పని లేదు.

జాగ్రత్తగా వెతికితే నూటికి ఒక మావిలో ఇది దొరుకుతుంది, చిన్నదైతే సాధారణంగా హాని చేయదు. నాలుగైదు సెంటీమీటర్లు దాటితే మాత్రం శిశువు రక్తం పెద్ద మొత్తంలో దానిలోకి మళ్ళి గుండెపై భారం పడవచ్చు, ఉమ్మనీరు పెరగవచ్చు. అటువంటప్పుడు రక్తప్రవాహాన్ని చూపే డాప్లర్ స్కానింగ్‌తో తరచుగా పరీక్షించడం తప్పనిసరి.